ఉప్పు తినని చెయ్యి

అక్కను దొంగిలించుకొచ్చిన బేతన ప్రతివచనపురి జలద్వారం ముందు పడవ ఆపేసరికి పడమటి ఆకాశం మబ్బులతో మెల్లగా నల్లబడుతోంది.

దొంగిలించుకొచ్చాడనే అనాలి, మరో మాట లేదు. మాళవి ఇప్పుడు నడిచే మనిషి కాదు. సముద్రం ఒడ్డున ఉన్న ఉప్పు మళ్ళన్నిటికీ దొరైన గరళాక్షుడనే మాంత్రికుడి కోటలో ఆమె వంట చేసేది. తల్లీతండ్రీ లేని తమ్ముణ్ణి ఆ వంటింటి గుమ్మంలోనే కూర్చోబెట్టి, ఆ కోట అన్నమే పెట్టి పెంచింది. కోట చెరలో మగ్గుతున్న జాలర్లను చూసి కడుపు తరుక్కుపోయి, ఒకనాడు వాళ్ళకు దొడ్డిదారి చూపించింది. "నా ఉప్పు తిని నాకే ద్రోహం చేశావు. ఆ ఉప్పువే అయిపో" అని గరళాక్షుడు మంత్రదండం ఎత్తాడు. చేతిలో గరిటె చేతిలో ఉండగానే మాళవి నిలువునా ఉప్పు బొమ్మైపోయింది. పడవ నడుపుకుని బతికే బేతన ప్రాణాలకు తెగించి కోటలో దూరి, ఆ బొమ్మను భుజాన వేసుకుని పారిపోయి వచ్చాడు.

మృగశిర కార్తె వచ్చేసింది. వాన కురిసేలోగా అక్క మళ్ళీ మనిషి కావాలి. లేకపోతే పడవ అడుగున కాసిన్ని ఉప్పునీళ్ళు మిగులుతాయి, అంతే. అందుకే బొమ్మ కాళ్ళ చుట్టూ పొడి ఊక పోశాడు, పడవకు ఆ చివరా ఈ చివరా కుంపట్లు పెట్టాడు, పైన తాటాకు చాపలు కప్పాడు. తను ఒళ్ళంతా బూడిద పూసుకుని, జడలు కట్టుకుని సాధువు వేషం వేశాడు. అక్కకు పసుపు బట్ట చుట్టి, ఎవరైనా అడిగితే అమ్మవారి విగ్రహమని చెబుతున్నాడు.

అసలు ఈ ఊళ్ళో ఎవరూ ఏదీ అడగరు. ఆ సంగతి చెప్పకపోతే తరవాతి కథ అర్థం కాదు.

ప్రతివచనపురి కోటగోడ పాలరాతిది. గోడ పొడుగునా చెవులు చెక్కారు. ఏనుగు చెవులు, కుందేలు చెవులు, కమ్మలు పెట్టుకున్న ఆడవాళ్ళ చెవులు, ముసలివాళ్ళ వేలాడే చెవులు. పొద్దు పొడిచినప్పుడు ఆ చెవులన్నీ లేత గులాబీ రంగుకు తిరిగి, ఊరు ఊరంతా ఏదో వింటున్నట్టు కనిపిస్తుంది. నడివూళ్ళో నీలాలు తాపిన గోపురం కింద జవాబుల కొలువు. అక్కడ నాలుగు స్తంభాల మీద నాలుగు పీఠాలు. నేలా నీరూ గాలీ తెలిసిన ప్రకృతిపీఠం, జరిగిపోయిందంతా తెలిసిన పూర్వపీఠం, కీలూ చక్రమూ తెలిసిన యంత్రపీఠం, న్యాయాన్యాయాలు తెలిసిన ధర్మపీఠం. ఆ పీఠాల మీది పండితులు అబద్ధమాడరు, దాచిపెట్టరు. కాకపోతే మనిషికి జన్మకొక్కటే ప్రశ్న. జవాబు చెప్పాక అడిగినవాడి నాలుక మీద నీలి చుక్క పెడతారు. చుక్క పడ్డవాడు మళ్ళీ నోరు జారాడా, ఇక వాడి బతుకు కోట బయటే.

అందుకని ఈ ఊరివాళ్ళు ఉగ్గుపాలనాడే అడగకుండా మాట్లాడటం నేర్చుకుంటారు. వంట అయిందా అనరు, అయిందో లేదో తెలిస్తే బాగుండునంటారు. గంటవాళ్ళనే భటులు వీధివీధినా చెవులు రిక్కించుకుని తిరుగుతుంటారు. ఎవరి నోట ప్రశ్న వినపడినా గణగణ గంట కొట్టి కొలువుకు లాక్కుపోతారు. ఎంత పనికిమాలిన ప్రశ్నైనా సరే, ఆ జన్మకు అదే. కిందటేడు ఓ కొత్త పెళ్ళికొడుకు అత్తారింటి గుమ్మంలో నిలబడి చెప్పులేవీ అన్నాడు. నలుగురు పండితులూ గంభీరంగా ఆలోచించి, అరుగు కింద ఉన్నాయని చెప్పి, పాపం వాడి నాలుక మీద చుక్క పెట్టి పంపారు.

"సాములోరు ఏ ఊరి నుంచి వస్తున్నారో చెబితే విని సంతోషిస్తాం" అన్నాడు జలద్వారం కాపలావాడు.

"సముద్రం వైపు నుంచి. అమ్మవారిని కొలువు చూపించి తీసుకుపోదామని" అన్నాడు బేతన.

అమ్మవారన్న మాట వినీ వినగానే రేవులో నీళ్ళు ముంచుకుంటున్న ఆడవాళ్ళంతా బిందెలతో గుమిగూడారు. ఊళ్ళోకి ఏ దేవతొచ్చినా జలద్వారం దగ్గర స్నానం చేయించి గాని లోపలికి తీసుకుపోరట. అది వాళ్ళ తాతలనాటి ఆచారం.

"తల్లుల్లారా, అమ్మ జలం ముట్టని దీక్షలో ఉంది. పసుపూ కుంకుమా చాలు" అని బేతన చాపల ముందు చేతులు చాచి నిలబడ్డాడు.

"అంత దూరం ఎండన పడొచ్చిన తల్లికి ఒళ్ళు కడగకుండా లోపలికి రానిస్తే మా ఊరికి అరిష్టం" అంది ముందున్నావిడ. ఆవిడ మంచి మనిషే. అమ్మవారి మీద భక్తి తప్ప ఆవిడ మనసులో మరేమీ లేదు. చాప లాగేసి, బిందె ఎత్తి, నిండుగా గుమ్మరించింది.

బేతన అక్క మీద పడి కావలించుకున్నాడు. నీళ్ళన్నీ అతని తల మీదా వీపు మీదా పడ్డాయి. కాసిని మాత్రం చింది, గరిటె పట్టుకున్న చేతి మీద పడ్డాయి. చూస్తూ ఉండగానే మాళవి బొటనవేలు కరిగి, పాలలా జారి, ఊకలో ఇంకిపోయింది. ఆ వేలితోనే ఆమె అతనికి ముద్దలు కలిపి పెట్టేది.

బేతనకు ఏడవడానికి తీరిక కూడా దొరకలేదు. నీళ్ళకు మొహం మీది బూడిద కొట్టుకుపోయింది. ద్వారం కమాను మీద ఒంటికాలి మీద నిలబడ్డ తెల్లకొంగ ఒకటి మెడ వంచి చూసింది. దాని కళ్ళు నిప్పుకణికల్లా ఎర్రగా ఉన్నాయి. గరళాక్షుడి వేగుకొంగ అది. గుర్తుపట్టింది. రెక్కలు ముడిచి రాయిలా కిందికి దిగి ముక్కుతో సరాసరి మాళవి మెడకు గురిపెట్టింది. బేతన తెడ్డు ఎత్తాడు. ఎత్తిన తెడ్డు ఎత్తినట్టే ఆగిపోయింది. వేళ్ళు తెల్లగా పాలిపోయి, చర్మం మీద ఉప్పు పొక్కులు లేచి, మణికట్టు కొయ్యబారింది. తెడ్డు జారి పడవలో పడింది. అలసటేమో అనుకున్నాడు గాని, ఏ అలసటా అలా ఉండదు.

కొంగ ముక్కు మెడకు బెత్తెడు దూరంలో ఉందనగా, రేవులో కూర కడుక్కుంటున్న ఒక ముసలావిడ మోకాళ్ళు పట్టుకుంటూ పడవెక్కి, చేతిలో ఉన్న తోటకూర కట్టతో దాని మొహం మీద ఒక్కటిచ్చింది. నిప్పు తగిలినట్టు అరిచింది ఆ కొంగ. కొట్టిన చోట ఈకలు రాలి, రాలుతూనే పొడి ఉప్పై గాలికి పోయాయి. పడుతూ లేస్తూ గోడ దాటి ఎగిరిపోయింది.

"పాడు కొంగ. నిన్న నా చేపలబుట్ట మీదా ఇలాగే పడింది" అని ముసలావిడ తోటకూర దులుపుకుంది. "నా పేరు తిప్పమ్మ. పూటకూళ్ళ ఇల్లు నాది. పెరట్లో రేవు ఉంది, చూరు కింద పడవ కట్టుకోవచ్చు. అమ్మవారి వేలు ఎలా కరిగిందో నేను అడగను నాయనా, అడగలేను కూడా."

ఆవిడ పెట్టిన అన్నం మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్న బేతన మొహం అదోలా అయింది. పప్పులో ఉప్పు లేదు. కూరలో లేదు. చారులోనూ లేదు. ఏమిటవ్వా ఇది అనబోయి, గుమ్మంలో గంట చప్పుడు వినపడి నాలుక కరుచుకున్నాడు.

"ఈ ఇంట్లో ఉప్పుండదు" అంది తిప్పమ్మ. "రోగిష్టివాళ్ళూ, ఉపవాసాలవాళ్ళూ తప్ప నా దగ్గరికెవరూ రారు. తినగలిగినంత తిను."

తినగలిగినంత తిని, అక్కను ఆవిడ కాపలాలో వదిలి, కొలువుకు పరిగెత్తాడు.

నలుగురు పండితులూ పీఠాల మీద ఉన్నారు. దారి పొడుగునా మనసులో వల్లె వేసుకుంటూ వచ్చిన ప్రశ్న బేతన ఒక్క గుక్కలో అడిగేశాడు. "గరళాక్షుడు ఉప్పు బొమ్మను చేసిన మా అక్క మాళవి మళ్ళీ మనిషి కావాలంటే ఏం జరగాలి?"

గంట మోగింది. మోగీ మోగగానే పండితులు పోట్లాటకు దిగారు. ఉప్పు నేలలో పుట్టింది కాబట్టి జవాబు తనదన్నాడు ప్రకృతిపీఠం ఆచార్యుడు. ఉప్పైనా మనిషి మనిషే, మనిషి సంగతి తనదన్నాడు ధర్మపీఠం శాస్త్రి. మార్చింది దండం గనుక, దండమూ పనిముట్టే గనుక, తనదన్నాడు యంత్రపీఠం శిల్పి. అయిపోయిన సంగతులన్నీ తనవేనంది పూర్వపీఠం మీద ఉన్న బృహద్దేవి. ఆవిడ జుట్టు నేల దాకా తెల్లగా జీరాడుతూ ఉంటుంది, ఆవిడ నవ్వగా చూసినవాళ్ళు లేరు. వాళ్ళు అలా మర్యాదగా, శాస్త్రోక్తంగా వాదించుకుంటూ ఉండగా బయట సన్నగా ఉరిమింది. బేతనకు ఒళ్ళు మండిపోయింది. నలుగురి కాళ్ళూ పట్టుకుని గుంజేద్దామనిపించింది. చివరికి ఎవరి వాటా వాళ్ళు చెప్పాలని తేలింది.

"ముందు నాది" అని ప్రకృతిపీఠం ఆచార్యుడు తడి వేలు గాలిలోకి ఎత్తి చూశాడు. "వాన పడితేనే ఉప్పు కరుగుతుందనుకోకు. అది గాలిలో ఉన్న తేమనే తాగుతుంది. ఈ రోజు గాలి బరువుగా ఉంది, రేపు ఇంకా బరువెక్కుతుంది. కుంపట్లు కొంతసేపు కాస్తాయి, ఆ తరవాత కాయలేవు. కరిగిన నీళ్ళు ఎండబెడితే ఉప్పు పలుకులొస్తాయి గాని మీ అక్క వేలు రాదు."

శిల్పి గొంతు సవరించుకున్నాడు. "గరళాక్షుడి దండం విరిస్తే మంత్రం విరుగుతుంది. ఆ దండం అతని కోట నడిమింట్లో ఉంటుంది. కోట తలుపు బండరాయి. సముద్రం వెనక్కి తీసినప్పుడు బండకు కట్టిన నీటి తెప్ప కిందికి దిగి బండ లేస్తుంది. మళ్ళీ నీరెక్కితే బండ పడుతుంది. నువ్వు వెళ్ళినప్పుడు దండం జోలికి పోలేదు గనుక బతికి బయటపడ్డావు. నడిమింటి దాకా పోయిన మనిషి తిరిగి తలుపు దగ్గరికి వచ్చే లోపు బండ పడిపోతుంది. లోపలికి పోవచ్చు, బయటికి రావడం కుదరదు."

"నేను రాకపోయినా ఫరవాలేదు" అన్నాడు బేతన. "దండం విరిచి అక్కడే పడి ఉంటాను. మా అక్క లేస్తే చాలు."

ధర్మపీఠం శాస్త్రి కళ్ళు మూసుకునే ఉన్నాడు. "నువ్వు విరవలేవు. ఉప్పు తిన్నవాడు ఉప్పు పెట్టినవాడి మీద చెయ్యెత్తకూడదనేది లోకంలో అన్నిటికన్నా పాత ధర్మం. గరళాక్షుడి మంత్రానికి పునాది అదే. అతని ఉప్పు తిన్న చెయ్యి అతని మీద గాని, అతని దండం మీద గాని, అతని కొంగ మీద గాని లేస్తే మణికట్టు దాకా ఉప్పైపోతుంది. రేవులో నీ చెయ్యి ఆగింది అందుకే. నువ్వు పెరిగింది అతని వంటింట్లో."

బేతన తన చేతి వంక చూసుకున్నాడు. పొక్కులు ఇంకా ఉన్నాయి. అక్క ప్రేమగా పెట్టిన ముద్దలే ఇవాళ అక్కకు అడ్డం పడుతున్నాయి. "అయితే అతని ఉప్పు తినని వాణ్ణెవణ్ణైనా వెతికి తెచ్చుకుంటాను."

బృహద్దేవి తల ఎత్తింది. ఆవిడ గొంతు అరిగిపోయిన రాతి మెట్టులా నున్నగా ఉంది. "పెద్ద ఉప్పెన వచ్చిన ఏడు తీరంలో ఉప్పు పండించేవాళ్ళంతా కొట్టుకుపోయారు. ఆ మళ్ళన్నీ గరళాక్షుడు ఆక్రమించాడు. అప్పటి నుంచీ ఈ ఏడు రాజ్యాల్లో వంటింటికి వచ్చిన ప్రతి ఉప్పు పలుకూ అతనిదే. రాజులు తిన్నారు, సన్యాసులు తిన్నారు. ఈ పీఠాల మీద కూర్చున్న మేమూ తిన్నాం."

"చంటిబిడ్డల్లో వెతుకుదామనుకుంటావేమో" అన్నాడు ప్రకృతిపీఠం ఆచార్యుడు, పాపం మంచి మనసుతోనే. "తల్లి తిన్న ఉప్పు పాలలోకి వస్తుంది."

ఇంకేమైనా ఉందేమోనని బేతన నలుగురి మొహాలూ చూశాడు. బృహద్దేవి పెదవులు ఒకసారి కదిలి ఆగాయి. "నువ్వడిగింది ఏం జరగాలని. ఎవరి వల్ల అని అడగలేదు. అడగనిది చెప్పే అధికారం మాకు లేదు" అని తల దించుకుంది. ఒక భటుడు వచ్చి బేతన నాలుక మీద నీలి చుక్క పెట్టాడు. చేదుగా ఉంది. ఉన్న ఒక్క ప్రశ్నా అయిపోయింది.

ఎలా నడిచొచ్చాడో తెలియకుండానే తిప్పమ్మ ఇంటికి వచ్చి పడ్డాడు. ఇక వేషమెందుకని జడలు పీకి పారేశాడు. పడవలో అక్క దగ్గర కూర్చుంటే ఆమె భుజాలు చెమర్చి మెరుస్తున్నాయి. తుడుద్దామంటే తుడిచిన గుడ్డతో పాటే భుజమూ వస్తుందేమోనని భయం. ఊరికే చూస్తూ కూర్చున్నాడు. తిప్పమ్మ గిన్నెతో జావ తెచ్చి చేతిలో పెట్టింది. తాగుతుంటే కన్నీళ్ళు కారి గిన్నెలో పడ్డాయి. ఆ ఇంట్లో మొదటిసారి ఏదో రుచి తగిలింది.

ఉప్పు రుచి. బేతన గిన్నె దించాడు.

కన్నీళ్ళు పడితే గాని రుచి రాని ఇల్లు ఇది. ఈవిడ తోటకూర కట్టతో కొంగను కొట్టింది. ఈవిడ చెయ్యి ఆగలేదు, తెల్లబడలేదు, కొయ్యబారలేదు. పైగా కొంగ ఈకలే రాలిపోయాయి. అడుగుదామని నోరు తెరిచి, చుక్క చేదు గుర్తొచ్చి, ఒక్కొక్క మాటే కూడబలుక్కున్నాడు. "అవ్వా, నువ్వు ఉప్పు ఎప్పటి నుంచి తినడం లేదో నాకు తెలియాలి. నువ్వు చెప్పకపోతే నేను చచ్చిపోయేలా ఉన్నాను."

"చచ్చేంత సంగతేం కాదు" అంది తిప్పమ్మ. పడవ అంచున కూర్చుని కాళ్ళు నీళ్ళలో పెట్టుకుంది. "నాకొక కొడుకు, కొమ్మన. పెద్ద ఉప్పెన రాకముందు, ఉప్పు మళ్ళలో పని దొరుకుతుందని గుమ్మం దిగి పోయాడు. వాడి కబురు తెలిసేదాకా ఉప్పు ముట్టనని ఆ పూటే మొక్కుకున్నాను. తరవాత ఉప్పెన వచ్చింది. వాడు రాలేదు."

"నీ ప్రశ్న ఇంకా నీ దగ్గరే ఉన్నట్టుంది" అన్నాడు బేతన.

ఆవిడ నాలుక చాపి చూపించింది. చుక్క లేదు. "అడిగితే పోయాడంటారేమో. అడగనంత కాలం నా కొడుకు బతికే ఉంటాడు. అందుకని దాచుకున్నాను."

బేతన కొలువులో విన్నదంతా చెప్పాడు. వింటూ ఆవిడ తన చేతులు రెండూ ముందుకు చాచి తిప్పి చూసుకుంది. వేళ్ళు వంకర్లు తిరిగి, కణుపులు ఉబ్బి ఉన్నాయి. రోకలి ఎత్తడానికే ఆపసోపాలు పడే చేతులవి. ఏడు రాజ్యాలకూ మిగిలింది ఆ రెండు చేతులే. బేతనకు ఆశ కలగలేదు, సిగ్గు కలిగింది. ఈ ముసలిదాన్ని తీసుకుపోయి ఆ బండ కింద పెట్టాలన్నమాట.

"నిన్ను రమ్మని నేను అనలేను అవ్వా" అన్నాడు.

తిప్పమ్మ మాళవి వైపు చూసింది. బొటనవేలు లేని చేతిని, ఆ చేతిలో గరిటెను చాలాసేపు చూసింది. "వంట చేసుకునే పిల్లను ఇలా చేసినవాడు మనిషి కాడు. నేను వస్తాను. పోయినదాన్ని మళ్ళీ రానట. అందుకని పోయేముందు నా కొడుకు సంగతి తెలుసుకుని పోతాను. ఇంకా దాచుకుని లాభం లేదు."

తిప్పమ్మ అడగబోతోందన్న వార్త వీధంతా పాకింది. ఆవిడ చప్పిడి తిండి సంగతి తెలియనివాళ్ళు ఆ ఊళ్ళో లేరు. కొలువు కిక్కిరిసిపోయింది. ఆవిడ ప్రశ్న జన్మంతా నూరి పదును పెట్టుకున్నది. ఉన్నాడా అని గాని, ఎక్కడ అని గాని ఆవిడ అడగలేదు. "నా కొడుకు కొమ్మన సంగతంతా ఏమిటి?" అంది.

గంట మోగింది. ఈసారి పండితులెవరూ పోట్లాడుకోలేదు. బృహద్దేవి పీఠం దిగి వచ్చింది. ఆవిడ పీఠం దిగడం కూడా ఎవరూ ఎరగరు.

"బతికే ఉన్నాడు తల్లీ" అంది. కొలువంతా ఒక్కసారి ఊపిరి వదిలింది. "మళ్ళలో కూలికి చేరాడు. ఉప్పెన నాడు తాడిచెట్టెక్కి, కింద కొట్టుకుపోతున్నవాళ్ళు చెయ్యందించమని అరుస్తుంటే అందించకుండా కూర్చున్నాడు. తెల్లవారేసరికి మళ్ళకు దొర లేడు, కూలీ లేడు, అతనొక్కడే ఉన్నాడు. అక్కడే మంత్రాలు నేర్చాడు. ఇప్పుడు లోకం అతన్ని గరళాక్షుడంటుంది."

తిప్పమ్మ పక్కన ఉన్న స్తంభం పట్టుకుంది.

తక్కినవాళ్ళూ తమ వాటా చెప్పి తీరాలి. "ఉప్పు మళ్ళ తెల్లటి ఎండకు అతని కళ్ళు చెడిపోతున్నాయి. దగ్గరి మనిషినీ పోల్చుకోలేడు" అన్నాడు ప్రకృతిపీఠం ఆచార్యుడు. "దండం ఎండిన తుమ్మకర్ర. మోకాలి మీద పెట్టి విరిస్తే ముసలి చేతులకైనా విరుగుతుంది" అన్నాడు శిల్పి. ధర్మపీఠం శాస్త్రి మొదటిసారి కళ్ళు తెరిచాడు. "అతను చిన్నప్పుడు నీ ఉప్పు తిన్నాడు. నీ మీద చెయ్యెత్తలేడు. అతని కొంగలు నీ ఉప్పు తినలేదమ్మా. అవి ఎత్తగలవు."

నీలి చుక్క పెట్టించుకుని తిప్పమ్మ బయటికి వచ్చింది. మెట్ల దగ్గర వాడకట్టు ఆడవాళ్ళంతా నిలబడి ఉన్నారు. ప్రతి ఒక్కరి గుప్పిట్లోనూ ఉప్పుంది. తిప్పమ్మ కొడుకు కబురు తెలిసిన రోజున మొదటి పలుకు తామే ఆవిడ నోట్లో పెట్టాలని వాళ్ళంతా ఎన్నాళ్ళుగానో ఎదురు చూస్తున్నారు. లోపల బృహద్దేవి చెప్పింది వెనక ఉన్నవాళ్ళకు సగమే వినపడింది. బతికే ఉన్నాడన్న ముక్క విని, మిగతాది వినకుండా ఇంటికి ఉప్పు కోసం పరిగెత్తిపోయారు.

"మొక్కు తీరింది తిప్పమ్మత్తా, నోరు తెరువు" అని ఒకావిడ ఆనందంతో ఏడుస్తూ ఆవిడ గడ్డం పట్టుకుంది. రేవులో బిందె గుమ్మరించినావిడే. వెనక నుంచి ఇంకో చెయ్యి, పక్క నుంచి ఇంకోటి. తిప్పమ్మ పళ్ళు బిగబట్టి తల తిప్పుకుంటోంది. ఎందుకు వద్దంటోందని ఒక్కరైనా అడిగితే బేతన చెప్పేవాడు. కాని ఆ ఊళ్ళో ఎవరూ అడగరే. సిగ్గుపడుతోందనుకుని ఇంకా మీద పడ్డారు. ఒక పలుకు పెదవి మీద అంటుకుంది. బేతన గుంపులో దూరి, అందరినీ మోచేతులతో నెట్టి, కొంగుతో ఆవిడ నోరు తుడిచేసి, ఆవిణ్ణి రెండు చేతులా ఎత్తుకుని పరిగెత్తాడు. వెనక నుంచి తిట్లు, ఏడుపులు, గంటలు. తల ఎత్తి చూస్తే గోపురం మీద నీలాలు కనబడటం లేదు. తెల్లకొంగలు వరసగా వాలి ఉన్నాయి. ఒకటి అప్పుడే లేచి సముద్రం వైపు పోతోంది.

పెరటి రేవులో పడవ విప్పి, అవ్వను ఎక్కించి, కట్టెతో నెట్టాడు. ప్రవాహం అందుకున్నాక గాని ఊపిరి తీసుకోలేదు. తిప్పమ్మ పై చెంగు విప్పి మాళవి భుజాల చుట్టూ కప్పింది. కరిగిపోయిన బొటనవేలి చోటును గుడ్డతో జాగ్రత్తగా చుట్టింది. ఇంటికి తిరిగిపోదామని ఆవిడ అంటే పడవ తిప్పేద్దామనే అనుకున్నాడు బేతన. తిప్పినా అక్క ఉండదు, తిప్పకపోయినా ఉండేట్టు లేదు.

"మొక్కు తీరిపోయిందవ్వా. నువ్వు ఉప్పు తిన్నా ఎవరూ తప్పు పట్టరు" అన్నాడు. ఆవిడ తిరిగిపోవడానికి దారి ఇస్తున్నాననుకున్నాడు.

"ఇంకొన్నాళ్ళు చప్పిడే తింటాను" అంది తిప్పమ్మ.

చాప మీద టప్పున ఒక చినుకు పడింది. బేతన తెడ్డు గట్టిగా వేశాడు. మరొకటి పడింది. ఆవిడ చాప కింద మాళవిని ఆనుకుని కూర్చుని, ఒళ్ళో పెట్టుకున్న తన చేతుల వంకే చూసుకుంటోంది.

"చిన్నప్పుడు కూరలో ఉప్పు తక్కువైతే కంచం విసిరికొట్టేవాడు" అంది. "నేను మళ్ళీ వండి పెట్టేదాన్ని. ఒక్కసారి కూడా వాడి మీద చెయ్యెత్తలేదు."